పగటి నిద్రకు ఒక చోటు
(ఉధ్నాలో వైశాఖ పూర్ణిమ సభయందు చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభ మధ్యాహ్నం మూడు గంటలకు ఆరంభమైనది. వెనుక వరుసలలో కూర్చున్న తమ్ముళ్లలో నలుగురైదుగురి తలలు అప్పుడే వాలిపోతున్నవి. కార్యకర్త ఒకరు వారిని తట్టి లేపబోతుంటే వద్దని సైగ చేశాను. వారికి ధమ్మం మీద శ్రద్ధ లేదని ఎవరూ అనుకోవద్దు. వారు నిన్న సాయంత్రం ఏడు గంటలకు సాంచాల ముందు నిలబడి, ఈ ఉదయం ఏడు గంటలకు దిగి, స్నానం చేసి, తెల్లబట్టలు కట్టుకొని ఇక్కడికి వచ్చారు. శ్రద్ధ లేనివాడు గదిలోనే పడుకొనేవాడు.

కునికిపాటు పడినవారిలో సామాన్యులే కాదు, మహా మోగ్గల్లానుడూ ఉన్నాడు. కల్లవాళముత్త అనే గ్రామంలో ఆయన ధ్యానానికి కూర్చొని తూగుతూ ఉండగా బుద్ధ భగవానుడు ఆయనను మందలించలేదు. వరుసగా కొన్ని ఉపాయాలు చెప్పాడు. విన్న ధమ్మాన్ని మననం చేయమన్నాడు, వల్లె వేయమన్నాడు. చెవులు లాగుకొని, అవయవాలను అరచేతులతో రుద్దుకోమన్నాడు. లేచి కళ్లను నీటితో తుడుచుకొని నక్షత్రాల వైపు చూడమన్నాడు. వెలుతురును మనస్సులో నిలుపుకోమన్నాడు, అటూ ఇటూ నడవమన్నాడు. వీటన్నిటితోనూ మత్తు వీడకపోతే, లేచే వేళను మనస్సులో పెట్టుకొని, కుడి ప్రక్కకు తిరిగి సింహశయ్యలో పడుకోమన్నాడు. చివరి ఉపాయం నిద్రే.

నేను పంతొమ్మిది సంవత్సరాలు ఈ ఊరిలో రాత్రి పాళీ చేశాను. తెల్లవారుజామున మూడు గంటల వేళ మోగ్గల్లానుడికి చెప్పిన ఉపాయాలన్నీ, ఎవరూ చెప్పకుండానే, మేము చేసేవాళ్లం. చెవులు లాగుకున్నాం, కళ్లు కడుగుకున్నాం, సాంచాల నడుమ నడిచాం. చివరి ఉపాయం ఒక్కటే మా చేతిలో లేకపోయినది. ఒకనాడు నిలబడే కన్ను మూతపడినది. తెరిచి చూసేసరికి పడుగు పోగులు తెగి, బట్ట చెడిపోయినది. ఆ వారం కూలిలో కోత పడినది. చేయి నలగనందుకు ఇప్పటికీ సంతోషమే.

అందుకే ఈ పవిత్ర దినాన నిద్రను గురించి మాట్లాడదలచాను. పెద్దలకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కానీ మన సంఘం ముందు ఒక విజ్ఞప్తి ఉన్నది. మనం అద్దెకు తీసుకున్న ఈ హాలును రాత్రి పాళీ చేసేవారికి పగటి పూట పడుకొనడానికి ఇవ్వాలని కొందరు యువకులు కోరారు. విహారం నిద్రపోయే చోటా అని పెద్దలలో ఒకరు ప్రశ్నించారు. ప్రశ్న న్యాయమైనదే. దానికి ధమ్మం నుంచే సమాధానం వెదుకుదాం.

మొదట మన స్థితి. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మన తండ్రులు ఈ సూరత్ నగరానికి మగ్గాన్ని నమ్ముకొని వచ్చారు. ఉధ్నా, లింబాయత్, పాండేసరాలలో మన ప్రక్కనే ఖాందేశ్ నుంచి వచ్చిన మహారాష్ట్ర సోదరులు, గంజాం నుంచి వచ్చిన ఒడియా సోదరులు ఉన్నారు. పన్నెండు గంటల పాళీ అందరికీ ఒకటే. ఒంటరిగా వచ్చినవాడి గదిలో మనిషికొక పడక ఉండదు. పగటి పాళీవాడు లేచిన చాప మీదనే రాత్రి పాళీవాడు పడుకుంటాడు. చాపకు చల్లారే వేళ లేదు. కుటుంబంతో ఉన్నవాడి కష్టం మరొక విధం. ఒకే గదిలో పిల్లల చదువు, కుక్కరు కూత, టీవీ, ప్రక్కింటి గొడవ, వీటి మధ్య అతడి నిద్ర. మేల్కొని ఉండడానికి తంబాకు, నిద్ర పట్టడానికి సారా. ఈ రెండింటి నడుమ మన మనుషులు ఎందరు అరిగిపోయారో ఇక్కడ కూర్చున్న తల్లులకు తెలుసు.

శరీరానికి ఒక లోపలి గడియారం ఉన్నది. అది వెలుతురును బట్టి నడుస్తుంది. దాని నడకను కణాలలో కనిపెట్టినందుకే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఎదిగిన మనిషికి రోజుకు ఏడు గంటలకు తక్కువ కాకుండా నిద్ర కావాలని నిద్రా వైద్య నిపుణుల సంఘాలు 2015లో తేల్చి చెప్పినవి. పగటి నిద్ర రాత్రి నిద్రంత సేపు సాగదు, అంత లోతుగానూ ఉండదు. లోపలి గడియారాన్ని తలక్రిందులు చేసే రాత్రి పాళీ క్యాన్సరుకు కారణం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2007లోనే హెచ్చరించినది. కనుక రాత్రి పాళీవాడి నిద్ర బద్ధకం కాదు. అది అతడి ఆయుష్షు.

ఒకరు లేచిన చోట ఒకరు పడుకోవడం మనకు అవమానమని తలవంచుకోవలసిన పని లేదు. బొంబాయి పరేల్‌లో రాంజీ సక్పాల్ కుటుంబం ఒకే గదిలో కాపురం ఉండేది. సామాను, పొగ, కట్టెలు నిండిన ఆ గదిలో ఇద్దరు చాపుకొని పడుకొనే చోటు లేదు. తండ్రి తన కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తాను రాత్రి రెండు గంటల వరకు మేల్కొని, ఆ వేళకు బాలుణ్ణి చదువుకు లేపి, ఆ ఖాళీ అయిన చోటనే తాను ఒరిగేవాడు. ఆ బాలుడే మన బాబాసాహెబ్. ఆ గదిలో రెండు పాళీల పడక ఉండినది. అయితే తండ్రి కొడుకు నిద్రను కాపాడిన తరువాతనే తన నిద్రను చూసుకున్నాడు. ఈ సంగతిని మరువవద్దు.

ఇప్పుడు ధమ్మం వైపు వద్దాం. ఆళవిలో శీతకాలపు రాత్రి గడిచిన ఉదయాన, ఆవులు నడిచే బాట ప్రక్కన ఆకులు పరచుకొని కూర్చున్న భగవానుణ్ణి హత్థకుడు అనే ఉపాసకుడు చూశాడు. సుఖంగా నిద్రపోయారా అని అడిగాడు. భగవానుడు అవునన్నాడు. లోకంలో సుఖంగా నిద్రపోయేవారిలో తానూ ఒకడినని చెప్పాడు. హత్థకుడు ఆశ్చర్యపడ్డాడు. మంచు కురిసే కాలం, గిట్టలు తొక్కిన గట్టి నేల, పలుచని ఆకులు, చలిగాలి. అప్పుడు భగవానుడు ఒక ఎదురు ప్రశ్న వేశాడు. గాలి చొరని మేడ, ఉన్ని పరుపులు, తలవైపూ కాళ్లవైపూ ఎర్రని దిండ్లు, దీపం, సేవించే భార్యలు ఉన్న గృహస్థుడు సుఖంగా నిద్రపోతాడు కదా, కానీ అతడిలో రాగం, ద్వేషం, మోహం మంటలై లేస్తే ఆ పరుపు అతణ్ణి నిద్రపుచ్చగలదా అని. ఆ మంటలు తనలో వేరుతో సహా ఆరిపోయినవి గనుకనే తాను సుఖంగా పడుకున్నానని వివరించాడు.

ఈ సుత్తాన్ని మనం తరచు చెప్పుకుంటాం. కానీ సగమే చెప్పుకొంటే ఇది పేదవాడి నోరు మూయించే మాట అవుతుంది. గాలి ఆడని గదిలో, నల్లుల పడకలో, నిద్ర పట్టనివాడితో నీ మనస్సులో మంట ఉన్నది, దాన్ని ఆర్పుకో అని మనం అంటే అది ధమ్మం కాదు. ఆకుల మీద పడుకోవడం భగవానుడు తనకు తానుగా చేసిన పని. ఇతరుల పడక విషయంలో ఆయన ఏమి చేశాడో వినయ పిటకం చెబుతుంది.

భిక్షువులకు ఆయన మంచం అనుమతించాడు. తలకు సరిపడే దిండు అనుమతించాడు. దోమలు బాధిస్తే దోమతెర అనుమతించాడు. కాళ్లు కడుగుకోకుండా సంఘపు పడకపై అడుగుపెట్టరాదన్నాడు. పడకలను ఎండవేసి, దులిపి, తుడిచి, తిరిగి వాటి చోట ఉంచమన్నాడు. బయట వేసిన మంచాన్ని అక్కడే వదలిపోవడం దోషమన్నాడు. జ్ఞానోదయానికి ముందు ముళ్ల మీద కూడా పడుకొని చూసిన మహాపురుషుడు ఆయన. అటు ముళ్లు కాదు, ఇటు ఎత్తైన దూది పరుపులు కాదు అని చెప్పినప్పుడు ఆ మధ్యమ మార్గం పడక దాకా వచ్చినది.

ఎత్తైన పడక ప్రస్తావన వచ్చినది కనుక ఒక తల్లి క్రిందటి పూర్ణిమకు నన్ను అడిగిన మాట చెబుతాను. ఉపోసథ దినాన ఎనిమిది శీలాలు తీసుకొనేటప్పుడు ఎత్తైన, విలాసమైన పడకలను వదలుతామని పలుకుతాం. మా తాత దొర ఎదుట మంచం మీద కూర్చుంటే కొట్టారు, దొర వీధిలో పోతుంటే మంచం ఎత్తి నిలబెట్టవలసి వచ్చేది, ఇప్పుడు నేను కొనుక్కున్న మంచాన్ని ధమ్మం కూడా దిగమంటున్నదా అని ఆమె అడిగినది. నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఈనాడు చెబుతున్నాను. అమ్మా, దిగమని ఇంకొకడు శాసిస్తే అది దాస్యం. ఉన్నదానిని తానే ఒక రాత్రి వదలుకుంటే అది శీలం. గృహస్థుడికి నిత్యం ఉన్నవి అయిదు శీలాలే, వాటిలో మంచం మాట లేదు. నీ నవారు మంచం మీద, నీ పరుపు మీద నిశ్చింతగా పడుకో. నీవు ఎక్కిన తరువాతనే దిగడానికి అర్థం వస్తుంది.

పడుకొనే చోటు లేనివాడి విషయంలో భగవానుడు ఏమి చేశాడన్నది మన విజ్ఞప్తికి మరింత దగ్గర. ఆళవిలో ధమ్మం వినడానికి వచ్చిన ఉపాసకులు రాత్రి సభాశాలలోనే పడుకొనేవారు. కొత్త భిక్షువులూ వారితో కలిసి పడుకొని, ఒళ్లు తెలియక పలవరిస్తూ, గురకపెడుతూ ఉంటే జనులు ఆక్షేపించారు. అప్పుడు ఉపసంపద లేనివారితో ఒకే చోట భిక్షువు పడుకోరాదని నియమం ఏర్పడినది. పెద్దలు ఈ నియమాన్నే మనకు గుర్తు చేశారు. కానీ దాని తరువాతి కథ కూడా ఉన్నది. కోసంబిలో ఆ నియమం కారణంగా బాలుడైన రాహులునికి భిక్షువులు చోటు ఇవ్వలేకపోయారు. అతడు పోయి మరుగుదొడ్డిలో పడుకున్నాడు. తెల్లవారుజామున భగవానుడు అక్కడికి వచ్చి దగ్గాడు. లోపలి నుంచి రాహులుడూ దగ్గాడు. ఎవరని అడిగితే తానేనని పలికాడు. విషయం విన్న భగవానుడు ఆ నియమాన్నే సవరించాడు. రెండు మూడు రాత్రులు కలిసి పడుకొనవచ్చునన్నాడు.

ఒక పిల్లవాడికి పడుకొనే చోటు కరువైనప్పుడు తాను చేసిన నియమాన్ని తానే సడలించిన గురువు మన గురువు. పైగా ఆ నియమం భిక్షువులకు సంబంధించినది, ఈ హాలులో భిక్షువులు నివసించడం లేదు. భంతేజీ విడిది చేసిన రోజులలో హాలును వారికే వదలుదాం. తక్కిన రోజులలో అభ్యంతరం ఎక్కడిది?

అసలు విహారం అనే మాటకు మొదటి అర్థం నివాసం. భిక్షువులు చెట్ల క్రింద, కొండ గుహలలో, బయళ్లలో రాత్రులు గడుపుతుండగా చూసిన రాజగృహ శ్రేష్ఠి, భగవానుని అనుమతి పొంది, ఒకే రోజున అరవై నివాసాలు కట్టించాడు. చలి, ఎండ, వాన, పాములు, దోమలు, వీటి నుంచి కాపాడుతుందనే భగవానుడు ఆ దానాన్ని మెచ్చుకున్నాడు. ఆ శ్రేష్ఠి ఇంటికి వచ్చిన బావమరిదే సుదత్తుడు, మన అనాథపిండికుడు. బుద్ధుణ్ణి చూడబోతున్నానన్న సంతోషంతో అతడికి ఆ రాత్రి నిద్రే పట్టలేదు, తెల్లవారినదనుకొని మూడు సార్లు లేచాడు. తీరా సీతవనానికి వెళ్లి అతడు భగవానుణ్ణి అడిగిన కుశల ప్రశ్న, సుఖంగా నిద్రపోయారా అనే.

మీలో చాలామంది ఉధ్నా జంక్షనులో రైలెక్కి, తాపీ లోయ మార్గంలో జల్గావ్ చేరి, అక్కడి నుంచి అజంతా చూసి వచ్చినవారే. రంగుల చిత్రాలున్న గుహల దగ్గర అందరమూ ఆగుతాం. ఈసారి వెళితే పన్నెండవ గుహలో కాసేపు నిలబడండి. నడుమ పెద్ద హాలు, దాని మూడు వైపులా చిన్న గదులు, గదిలో రెండేసి రాతి పడకలు. ఆ కొండను తొలిచినవారు ధ్యానానికి ఎంత చోటు విడిచారో, అలసిన శరీరం చాపుకొనడానికీ అంత శ్రద్ధగా చోటు చెక్కారు.

ఆ కాలపు సంఘంలో పడకలు ఏర్పాటు చేయడం ఒక గౌరవ పదవి. దబ్బ మల్లపుత్తుడు అనే అరహంతుడు దానిని కోరి స్వీకరించాడు. సుత్తాలు వల్లించేవారికి ఒకచోట, వినయం చర్చించేవారికి ఒకచోట, ధ్యానులకు ఒకచోట పడకలు చూపేవాడు. ఒకరి అలవాటు మరొకరికి ఆటంకం కారాదని ఆయన ఆలోచన. అరహంతుడికి తక్కువ కాని పని మనకు తక్కువ అవుతుందా?

కనుక నా సూచన ఇది. ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడు వరకు ఈ హాలు రాత్రి పాళీవారిది. కిటికీలకు ముదురు రంగు తెరలు కట్టుదాం. చాపలు, పలుచని దూది పరుపులు సంఘం ఉంచుతుంది. పైన పరిచే చెద్దరు, మెత్త గలేబు ఎవరివి వారు తెచ్చుకోవాలి. అవి నూలువి అయితే మేలు. మనం నేసే సూరత్ సింథటిక్ బట్ట చెమటను పీల్చదు. షోలాపూర్ చెద్దర్లను తరతరాలుగా నేసినవి తెలుగు చేతులే, ఒకటి మన కోసమూ కొనుక్కుందాం. కాళ్లు కడుగుకొని పడక ఎక్కాలి. వారానికొకసారి పరుపులు డాబా మీద ఎండవేసి దులపాలి. ఫోన్లు మూసి ఉంచాలి. తంబాకు, మద్యం గడప దాటి రారాదు. సారా నిద్ర తెచ్చినట్లే తెచ్చి నడుమ నిద్రను విరుస్తుంది, అయిదవ శీలం ఆరోగ్య సూత్రం కూడా.

పడుకొనే ముందు అయిదు నిమిషాలు మెత్తా భావన చేయాలి. మెత్తా భావన వలన కలిగే పదకొండు ఫలాలను చెబుతూ భగవానుడు మొదటి మూడింటినీ నిద్రకే ఇచ్చాడు. సుఖంగా నిద్రపోతాడు, సుఖంగా లేస్తాడు, చెడ్డ కలలు రావు. మంట ఆర్పుకొనడం ఎవరి పని వారిది. చోటు, చీకటి, నిశ్శబ్దం కలిగించడం సంఘం పని. ఈ రెండూ కలిస్తేనే హత్థకుడి ప్రశ్నకు మనం అవునని చెప్పగలం.

నిశ్శబ్దం అన్నాను కనుక మన తప్పు కూడా ఒప్పుకుందాం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడు స్పీకర్లు మోగరాదని 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతున్నవి. అవి రాత్రి నిద్రపోయేవాణ్ణి కాపాడుతవి. పగలు నిద్రపోయేవాణ్ణి ఇరుగుపొరుగు తప్ప కాపాడేవారు లేరు. మన ఏప్రిల్ 14 ఊరేగింపులో డీజే మోత వీధులలో ఎంతమంది సోదరుల నిద్రను చెరిచినదో ఆలోచించండి. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్నారు. ఆయన చేపట్టిన సవరణతో 1946లో ఫ్యాక్టరీ కార్మికుడి వారపు పని గంటలు 54 నుంచి 48కి దిగినవి. 1948 చట్టం ఆ హద్దునే నిలిపినది. కార్మికుడికి గంటలు మిగిల్చిన మహనీయుని పేరు మీద కార్మికుడి నిద్ర చెడగొట్టడం మనకు తగదు. ఆ 48 గంటలు ఉధ్నా కార్ఖానాలలో అమలు కావడానికి పోరాడవలసినదే. ఈ హాలు ఆ పోరాటానికి బదులు కాదు. పోరాడేవాడికి కంటినిండా నిద్ర కావాలి, అంతే.

చివరిగా ఒక ఋణం చెప్పుకోవాలి. నా పంతొమ్మిది ఏళ్ల రాత్రి పాళీలో నేను పగలు నిద్రపోయానంటే, నా భార్య గుమ్మంలో కూర్చొని వీధి పిల్లలను ఆవలికి పంపుతూ ఉండినందువల్లనే. కిటికీకి పాత చీర కట్టేది. ఆ ఏళ్లలో ఆమె పగటి వేళ ఇంట్లో గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. తాను మాత్రం కుళాయి నీళ్ల కోసం తెల్లవారకముందే లేచేది, అందరమూ తిన్న తరువాత పడుకొనేది. ఆమె ఎప్పుడు నిద్రపోయినదో నేను అడగలేదు. ఈ హాలు తెరిస్తే మగవారికి మాత్రమే చోటు దొరకదు. ఎన్నో ఇళ్లలో స్త్రీలు పగలు ఒక గంట నడుము వాల్చడానికి, గొంతు విప్పి పిల్లలతో మాట్లాడడానికి ఇల్లు దొరుకుతుంది. తమ్ముళ్లూ, ఇంటికి వెళ్లాక మీ వారిని ఆ కుశల ప్రశ్న అడగండి. సుఖంగా నిద్రపోయావా అని.

సంఘ సభ్యులు నా సూచనను ఆలోచించి ఈ వర్షావాసం ఆరంభమయ్యేలోపు నిర్ణయించవలసినదిగా ప్రార్థిస్తున్నాను. పడకలు చూసే పనికి మొదటి ఆరు నెలలు నా పేరు రాసుకోండి. సమ్మతించేవారు చేతులెత్తండి, చప్పట్లు వద్దు. సాధుకారం కూడా ఈ ఒక్కసారికి మెల్లగానే పలుకుదాం. వెనుక వరుసలో తమ్ముళ్లు నిద్రపోతున్నారు.